గోడ పగలగొట్టింది ఫర్నిచర్ కోసం

యూట్యూబ్‌లో నేరకథల వీడియోలు చూసేవాళ్లకు హెచ్.హెచ్. హోమ్స్ పేరు కొత్త కాదు. ఆ కథ దాదాపు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. 1893వ సంవత్సరం, షికాగో నగరం, ప్రపంచ ప్రదర్శన. దేశదేశాల జనం రైళ్లు దిగుతుంటారు. ఊరికి దక్షిణాన ఒక హోటల్. లోపల కిటికీల్లేని గదులు, ఎక్కడికీ చేర్చని మెట్లు, గదుల్లోకి గ్యాసు వదిలే గొట్టాలు, శవాలు నేరుగా నేలమాళిగలోకి జారిపోయే దారి, కింద ఆమ్లం తొట్టి, కొలిమి. హతులు రెండు వందల మంది. వెనకాల వణుకు పుట్టించే సంగీతం.

ఈ కథ చెప్పే తీరు మీద నాకు కోపం ఉంది. ఇందులో సగానికి పైగా కల్పన కావడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ఈ కథలో చనిపోయినవాళ్లకు పేర్లుండవు. భవనానికి ఉంటుంది: మర్డర్ క్యాసిల్, హత్యల కోట. మెట్లు ఎన్ని, తలుపులు ఎటు తెరుచుకుంటాయి, కొలిమి ఎంత పొడవు అన్నీ వివరంగా చెబుతారు. ఆ ఇంట్లో ఉద్యోగానికి చేరి మళ్లీ కనిపించని స్త్రీ ఏ ఊరి నుంచి వచ్చిందో, ఆమె కోసం ఎవరు వెతికారో, ఎవరు వెతకలేదో మాత్రం చెప్పరు. అసలు భయపడవలసింది ఆ చివరి విషయానికేనని నా వాదన.

ముందు మనిషి సంగతి. హోమ్స్ అసలు పేరు హెర్మన్ వెబ్‌స్టర్ మడ్జెట్. 1861లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని గిల్మన్‌టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1884లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా తీసుకున్నాడు. భార్యనూ కొడుకునూ వదిలేసి 1886లో షికాగో శివారైన ఎంగిల్‌వుడ్‌కు కొత్త పేరుతో వచ్చి, 63వ వీధి, వాలస్ వీధి కలిసే మూలనున్న మందుల దుకాణంలో కుదురుకున్నాడు. దుకాణం యజమాని దంపతులను చంపి దాన్ని కాజేశాడని వీడియోల్లో చెబుతారు. అది నిజం కాదు. ఆ దంపతులు ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి అదే పేటలో బతికారు. ఈ ఒక్క పొరపాటు చాలు, ఆ కథలు చెప్పేవాళ్లు ఆ వీధి గురించి ఎంత తెలుసుకున్నారో తెలియడానికి.

దుకాణానికి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో హోమ్స్ 1887లో రెండంతస్తుల భవనం కట్టించాడు. కింద దుకాణాలు, పైన అద్దె గదులు, అతని ఆఫీసు. కట్టడం మొత్తం అప్పు మీదే సాగింది. పనివాళ్లను పెట్టుకోవడం, పని బాగాలేదని వంక పెట్టి కూలి ఎగ్గొట్టడం, మళ్లీ కొత్తవాళ్లను తెచ్చుకోవడం. ఇనుము అమ్మిన కంపెనీ కోర్టుకెక్కింది. ఆస్తి ఒకసారి అత్తగారి పేరిట, ఇంకోసారి హెచ్.ఎస్. క్యాంబెల్ అనే లేని మనిషి పేరిట ఉండేది. జప్తుకు వచ్చినవాడికి ఎవరి మీద దావా వేయాలో తేలేది కాదు. 1892లో ప్రదర్శన పేరు చెప్పి, హోటల్ పెడతానంటూ మూడో అంతస్తు లేపాడు. ఆ హోటల్ ఆశ చూపించి సరుకు అరువు తెచ్చాడు, బీమా చేయించాడు. 1893 ఆగస్టులో ఆ పై అంతస్తు తగలబడింది. బీమా కంపెనీలకు అనుమానం వచ్చి డబ్బు ఆపేశాయి. ప్రదర్శన చూడవచ్చి అక్కడ బసచేసిన యాత్రికులు గుంపులుగా మాయమయ్యారనడానికి ఏ ఆధారమూ లేదు.

కాబట్టి ఆ భవనం మొదట ఒక మోసగాడి కార్యాలయం. మెలికలు తిరిగిన ఆ గదుల్లో చాలా వాటికి హత్యలతో సంబంధం లేని కారణం ఉంది. అప్పులవాళ్ల నుంచి సరుకు దాచడం.

ఫర్నిచర్ కథ ఇక్కడే వస్తుంది. ఒక ఫర్నిచర్ కంపెనీ నుంచి హోమ్స్ బోలెడు సామాను అరువు తెచ్చాడు. వాయిదాలు కట్టలేదు. సామాను వెనక్కి తీసుకుపోదామని కంపెనీ మనుషులు వస్తే భవనంలో ఒక్క కుర్చీ కనిపించలేదు. ఆనాటి పత్రికల కథనం ప్రకారం, సామానంతా ఒక గదిలో కుక్కి, తలుపు ఊడబెరికి, ఆ ఖాళీని గోడగా పూడ్చేసి, పైన కాగితం అంటించారు. లోపలి మనిషి ఒకడి ద్వారా కంపెనీకి ఉప్పందింది. వాళ్లు వచ్చి గోడ పగలగొట్టి తమ మంచాలూ కుర్చీలూ మోసుకుపోయారు. ఈ వార్త 1893లోనే పత్రికలో వచ్చింది. అంటే ఆ ఇంట్లో రహస్య గదులున్నాయని, దాని యజమాని వస్తువులను గోడల వెనక దాస్తాడని షికాగోలో చదువు వచ్చిన ఎవరికైనా అప్పటికే తెలిసే వీలుంది.

ఆ వార్త వచ్చేనాటికి అదే కప్పు కింద ముగ్గురు కనిపించకుండా పోయారు.

మొదటి ఇద్దరు జూలియా కానర్, ఆమె కూతురు పెర్ల్. జూలియా భర్త నెడ్ ఆ భవనంలోని మందుల దుకాణంలో నగల కౌంటరు చూసేవాడు. హోమ్స్‌కూ జూలియాకూ సంబంధం ఏర్పడింది. నెడ్ విడిపోయి వెళ్లిపోయాడు. 1891 క్రిస్మస్ రోజుల తరువాత తల్లీ కూతుళ్లు ఎవరికీ కనిపించలేదు. ఊరెళ్లారని హోమ్స్ చెప్పాడు. సరే అనుకున్నారు.

మూడో మనిషి ఎమెలిన్ సిగ్రాండ్. ఇల్లినాయ్‌లోనే డ్వైట్ అనే ఊళ్లో, తాగుడు మాన్పించే కీలీ ఆస్పత్రిలో స్టెనోగ్రాఫరుగా పనిచేసేది. హోమ్స్ అనుచరుడు బెంజమిన్ పిటెజెల్ అక్కడికి వైద్యానికి వెళ్లి వచ్చి ఆమె గురించి చెప్పాడు. ఎక్కువ జీతం ఆశ చూపి హోమ్స్ ఆమెను 1892లో షికాగోకు రప్పించాడు. అదే ఏడాది డిసెంబరులో ఆమె మాయమైంది. ఆమె వాళ్లకు అందినది ఒక అచ్చువేసిన పెళ్లి కార్డు. డిసెంబరు 7న ఎమెలిన్ సిగ్రాండ్‌కూ రాబర్ట్ ఇ. ఫెల్ప్స్‌కూ వివాహం జరిగిందని అందులో ఉంది. ఆ ఫెల్ప్స్ అనే మనిషి లేనే లేడు. చక్కని అక్షరాలతో అచ్చయిన కార్డు చూసి బంధువులు నమ్మారు, ఆమె పాత ఊరి పత్రిక కూడా శుభవార్తగా వేసింది.

ఆమ్లం తొట్టి కంటే నన్ను వణికించేది ఆ కార్డు. ఒక ఆడపిల్ల లోకం నుంచి చెరిగిపోవడానికి ఇంత చిన్న ముక్క అట్ట సరిపోయింది. పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది అనే మాటకు అంత బలం ఉంది. ఆ మాట విన్న తరువాత ఎవరూ రెండో ప్రశ్న వేయరని హోమ్స్‌కు బాగా తెలుసు. అతని తెలివంతా అక్కడే ఉంది. గోడల్లో లేదు.

మిన్నీ, నానీ విలియమ్స్ అక్కచెల్లెళ్ల విషయంలోనూ అదే జరిగింది. మిన్నీకి టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఆస్తి ఉంది. ఆమెకు హోమ్స్ హారీ గోర్డన్‌గా పరిచయమయ్యాడు. పెళ్లి మాట ఇచ్చాడు. ఆ ఆస్తి చేతులు మారి చివరికి హోమ్స్ ముఠా చేతికే చేరింది. 1893 వేసవిలో చెల్లెలు నానీ ప్రదర్శన చూడడానికి వచ్చింది. జూలై 4న ఆమె పిన్నికి రాసిన ఉత్తరం దొరికింది. హారీ అన్నయ్య ఇకపై నా బాధ్యతంతా తనదేనంటున్నాడు, మేమంతా యూరప్ వెళ్తున్నాం అని సంబరంగా రాసింది. ఆ తరువాత అక్కాచెల్లెళ్లిద్దరూ లేరు.

1893 షికాగో అనగానే తెలుగువాళ్లకు మరో మనిషి గుర్తొస్తాడు. వివేకానందుడు ఆ ఏడాది ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశం గురించి మాట్లాడాడు. సెప్టెంబరు 11న అదే ప్రపంచ ప్రదర్శనలో భాగంగా జరిగిన సర్వమత సభలో లేచి నిలబడ్డాడు. ఆ రోజుకు విలియమ్స్ అక్కచెల్లెళ్లు కనబడకుండా పోయి రెండు నెలలు. నగరం పండుగలో ఉంది. ప్రదర్శన ముగిసేలోగా టిక్కెట్ల లెక్క రెండున్నర కోట్లు దాటింది. పల్లెల నుంచి టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్న అమ్మాయిలు రోజూ రైలు దిగుతున్నారు. అంతమంది కొత్తవాళ్లలో ఒకరు తగ్గితే లెక్కపెట్టే మనిషి ఎవరూ లేరు.

కుర్చీల కోసం గోడ పగలగొట్టిన నగరంలో ఈ అయిదుగురి కోసం ఒక్క తలుపు కూడా తట్టించలేదు. కుటుంబాలు ఊరకే కూర్చోలేదు, ఉత్తరాలు రాశాయి, వాకబు చేశాయి. ఆ వాకబులు వెళ్లి చేరింది చాలావరకు హోమ్స్ బల్ల మీదికే. అతను మర్యాదగా జవాబులు రాశాడు.

చివరికి అతన్ని పట్టించింది కూడా డబ్బే. పిటెజెల్ పేరున ఫిలడెల్ఫియాలోని ఫిడెలిటీ మ్యూచువల్ సంస్థలో 10,000 డాలర్ల జీవిత బీమా ఉంది. ఎవరిదో శవం తెచ్చి పిటెజెల్ చనిపోయాడని చూపించి డబ్బు పంచుకుందామన్నది వాళ్లిద్దరి ఒప్పందం. హోమ్స్ వేరే శవం వెతకలేదు. 1894 సెప్టెంబరు 2న ఫిలడెల్ఫియాలో, క్యాలోహిల్ వీధిలోని అద్దె ఇంట్లో, పిటెజెల్‌నే చంపాడు. శవం గుర్తించడానికి కుటుంబం తరఫున ఎవరైనా రావాలన్నారు. తల్లి జబ్బుతో ఉంది. అందుకని ఆలిస్ అనే కూతురు, ఇంకా పదిహేనేళ్లయినా సరిగ్గా నిండని పిల్ల, హోమ్స్‌తో కలిసి వెళ్లింది. ముఖమంతా గుడ్డ కప్పి పళ్లు మాత్రం చూపించారు. నాన్నే అంది.

బీమా డబ్బు వచ్చింది. ఆ పథకంలో 500 డాలర్లు ఇస్తానని హోమ్స్ సెయింట్ లూయిస్ జైల్లో ఒక రైలు దొంగకు మాటిచ్చాడు. నమ్మకమైన వకీలును చూపించినందుకు ఆ ఇనాము. ఆ దొంగ పేరు మారియన్ హెడ్జ్‌పెత్. డబ్బు అందకపోయేసరికి జైలు నుంచే ఉత్తరం రాసి అంతా బయటపెట్టాడు. బీమా కంపెనీ పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ గూఢచారులను వెంటబెట్టింది. 1894 నవంబరు 17న బోస్టన్‌లో హోమ్స్ దొరికాడు. మోసపోయిన దొంగ, మోసపోయిన బీమా సంస్థ. అతన్ని తరిమింది ఈ రెండే. ఆ 500 డాలర్లు ఇచ్చి ఉంటే ఇంకెన్నాళ్లు తిరిగేవాడో!

ఈలోగా హోమ్స్ చేసిన పని ఆ కోట కథలన్నిటికంటే దుర్మార్గం. పిటెజెల్ బతికే ఉన్నాడని, ఎక్కడో దాక్కున్నాడని భార్య కేరీకి చెప్పాడు. అయిదుగురు పిల్లల్లో ఆలిస్, నెల్లీ, హోవర్డ్‌లను తన వెంట తీసుకుపోయాడు. తల్లిని, పెద్ద కూతురుని, చంటిబిడ్డను వేరే దారిలో తిప్పాడు. డెట్రాయిట్‌లో తల్లి ఉన్న చోటికీ కూతుళ్లున్న చోటికీ మధ్య కొద్ది వీధులే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పిల్లలు తల్లికి ఉత్తరాలు రాసి, పోస్టు చేయమని హోమ్స్ చేతికే ఇచ్చేవాళ్లు. అతను పోస్టు చేయలేదు. అరెస్టు నాటికి అవి అతని సామానులో ఒక రేకు పెట్టెలోనే ఉన్నాయి. ఆలిస్ ఒక దాంట్లో రాసింది: రోజంతా బొమ్మలు గీయడం తప్ప పని లేదు, కూర్చుని కూర్చుని విసుగొస్తోంది, ఇంటి మీద బెంగగా ఉంది, మిమ్మల్నందరినీ చూడాలనుంది.

పిల్లలు ఎక్కడున్నారో హోమ్స్ చెప్పలేదు. 1895 జూన్‌లో ఫిలడెల్ఫియా పోలీసు శాఖకు చెందిన ఫ్రాంక్ గేయర్ అనే డిటెక్టివ్ బయలుదేరాడు. ఆ ఉత్తరాలే అతని చేతిలో దారి పటం. సిన్సినాటి, ఇండియానాపోలిస్, షికాగో, డెట్రాయిట్, కెనడాలోని టొరంటో. ప్రతి ఊళ్లో హోటళ్ల రిజిస్టర్లు తిరగేయడం, తరువాత ఇళ్లు అద్దెకిప్పించే ఏజెంట్ల దగ్గరికి వెళ్లి ఫొటోలు చూపించడం, పత్రికలకు బొమ్మలివ్వడం. చదువుతుంటే విసుగు పుట్టేంత మామూలు పని. దాని మీదే అంతా తేలింది.

టొరంటోలో సెయింట్ విన్సెంట్ వీధి, 16వ నంబరు ఇల్లు. పక్కింటి థామస్ రైవ్స్ అనే పెద్దాయన పత్రిక చూసి కబురు చేశాడు. గత శరదృతువులో ఒకడు ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. తెచ్చిన సామాను మంచం, పరుపు, పెద్ద ట్రంకు పెట్టె. నేలమాళిగలో బంగాళాదుంపలు దాచుకోవడానికి గొయ్యి తవ్వాలని పార అడిగాడు. ఆయన ఇచ్చాడు. 1895 జూలై 15న గేయర్ అదే పెద్దాయన దగ్గర అదే పార అడిగి తీసుకుని ఆ నేలమాళిగలో తవ్వాడు. ఆలిస్, నెల్లీ అక్కడున్నారు. హోమ్స్ తరువాత ఆ ఇంట్లో దిగినవాళ్ల అబ్బాయికి ఒక ఆటబొమ్మ దొరికింది. కర్ర గుడ్డు, తెరిస్తే లోపలి నుంచి పాము. కేరీ ఇచ్చిన పిల్లల ఆటవస్తువుల జాబితాలో అదీ ఉంది. ఆమె టొరంటోకు వచ్చినప్పుడు దేహాల మీద కాన్వాసు కప్పి, ఆలిస్ పళ్లు, నెల్లీ జుట్టు మాత్రమే చూపించారు. ఏడాది కిందట తండ్రిని గుర్తించడానికి కూతురుకు చూపించింది కూడా పళ్లే. ఆగస్టు 27న ఇండియానాపోలిస్ శివారు అర్వింగ్టన్‌లో ఒక అద్దె ఇంటి పొగగొట్టంలో హోవర్డ్ ఎముకలు, పళ్లు దొరికాయి.

తండ్రి ఒక ఊళ్లో, కూతుళ్లు ఇంకో దేశంలో, కొడుకు మూడో చోట. మూడూ మామూలు అద్దె ఇళ్లు. రహస్య మెట్లు లేవు, గ్యాసు గదులు లేవు. హోమ్స్‌కు ఏ కోటా అక్కరలేదు. ఒక ఏజెంటుకు నెల అద్దె, పొరుగువాడిని నమ్మించే బంగాళాదుంపల మాట సరిపోయాయి.

షికాగో పోలీసులు 63వ వీధి భవనంలోకి పూర్తిస్థాయి సోదాకు దిగింది టొరంటో వార్త వచ్చిన తరువాతే. ఇనుప ఖజానా గది, కొలిమి, ఎముకలు బయటపడ్డాయి. ఎముకల్లో కొన్ని జంతువులవి, కొన్ని ఒక పిల్లవి. నేను ఆ భవనాన్ని నిర్దోషిగా నిలబెట్టడం లేదు. జూలియా, పెర్ల్, ఎమెలిన్ ప్రాణాలు అక్కడే పోయి ఉండడానికి అవకాశం ఎక్కువ. పత్రికలు మాత్రం దొరికినదానితో ఆగలేదు. న్యూయార్క్ పత్రికల్లో భవనం పటాలు అచ్చయ్యాయి, ప్రతి గదికీ భయంకరమైన పేరు. దాన్ని టిక్కెట్టు పెట్టి చూపించే ఏర్పాట్లు కూడా మొదలయ్యాయి. ఆగస్టు 19న మంటలు లేచి పై భాగం కాలిపోయింది. అయినా అది కూలిపోలేదు. మరమ్మతు చేసుకుని 1938 దాకా నిలబడింది. తరువాత అక్కడ పోస్టాఫీసు కట్టారు.

హోమ్స్ స్వయంగా ఈ కల్పనకు చేయూతనిచ్చాడు. ఉరికి ముందు డబ్బు తీసుకుని పత్రికకు 27 హత్యల ఒప్పుకోలు రాసిచ్చాడు. ఆ 27 మందిలో కొందరు అప్పటికి శుభ్రంగా బతికే ఉన్నారు. రెండు వందల లెక్క 1940 ప్రాంతంలో వచ్చిన రచనలతో పాకింది. నమ్మదగిన ఆధారమున్నవి తొమ్మిది. తొమ్మిది తక్కువ అన్నట్టు రెండు వందలు చెప్పడం నాకు ఆ తొమ్మిదిమందిని అవమానించినట్టే తోస్తుంది.

ఇదంతా పాతకాలపు పరాయి దేశం గొడవ అని పక్కన పెట్టలేను. యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో 2019 ఏప్రిల్‌లో ఒక బాలిక కోసం వెతుకుతూ పొలాల్లోని పాడుబావుల్లో తవ్వితే, ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు అమ్మాయిల దేహాలు బయటపడ్డాయి. ఒకరు 2015లో కనిపించకుండా పోయిన పదకొండేళ్ల పిల్ల. ఆ తరువాత చాలా రోజులు టీవీల్లో బావినే చూపించారు, పై నుంచి, పక్క నుంచి, లోపలి నుంచి. నాలుగేళ్లపాటు ఆ పిల్ల ఏ ఫైల్లో ఎలా ఉండిపోయిందన్న చర్చ అంతసేపు సాగలేదు. అమ్మాయి కనబడడం లేదని స్టేషనుకు వెళ్తే ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో చూసుకోండి అన్న జవాబు మన దగ్గర ఎన్ని కుటుంబాలు వినలేదు? ఎమెలిన్ పెళ్లి కార్డు చెప్పిన అబద్ధమే అది. ఇక్కడ అచ్చు కూడా వేయనక్కరలేదు.

అందుకే భవనం చుట్టూ తిరిగే కథనాలను హానికరం అంటున్నాను. హత్య జరగాలంటే అంత విచిత్రమైన యంత్రాంగం కావాలని అవి మనకు నేర్పుతాయి. అలాంటి ఇల్లు మన వీధిలో లేదు కాబట్టి మనం క్షేమం అనిపిస్తుంది. హోమ్స్ వాడినవి దస్తావేజులు, పాలసీలు, ఉద్యోగం ఇస్తానన్న ఉత్తరాలు, పెళ్లి మాటలు. అతను చంపినవాళ్లలో దారిన పోయే అపరిచితులు లేరు. ఉద్యోగులు, ప్రియురాళ్లు, సహచరుడు, ఆ సహచరుడి పిల్లలు. అందరూ అతన్ని ఎరిగి, నమ్మి, అతను చెప్పిన చోటికి వెళ్లినవాళ్లు.

ఫిలడెల్ఫియాలో 1895 అక్టోబరు చివర విచారణ మొదలైంది. అభియోగం పిటెజెల్ హత్య ఒక్కటే. కేరీ బోనులోకి వచ్చి సాక్ష్యం చెప్పింది. 1896 మే 7న మోయమెన్సింగ్ జైల్లో హోమ్స్‌ను ఉరితీశారు. తన శవాన్ని ఎవరూ తవ్వకుండా శవపేటికను కాంక్రీటులో పూడ్చమని అడిగాడు, అలాగే చేశారు. ఉరి తప్పించుకున్నాడన్న పుకారు నూరేళ్లు దాటినా పోకపోవడంతో 2017లో ఆ కాంక్రీటు పగలగొట్టి, పళ్లు పరీక్షించి, అది అతనేనని తేల్చారు. ఎమెలిన్ సిగ్రాండ్, మిన్నీ విలియమ్స్, నానీ విలియమ్స్ దేహాలు మాత్రం వాళ్ల వాళ్లకు ఎన్నడూ దక్కలేదు. రేపు ఎవరైనా ఈ కథ మళ్లీ చెప్పదలిస్తే మెట్ల లెక్క పక్కన పెట్టి ఆ కార్డు దగ్గర మొదలుపెట్టాలని, అది అందుకున్న ఇంట్లో ఎవరికి మొదట అనుమానం వచ్చిందో, ఆ అనుమానాన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్లారో వెతకాలని కోరుతున్నాను.